మిలిటరీ ఆయనకేం తక్కువ?

ఊళ్లో మాజీ సైనికుడి ప్రస్తావన వస్తే చాలామంది నోట వెంటనే వచ్చే మాట ఇది. నెల తిరిగేసరికి పింఛను బ్యాంకులో పడుతుంది, క్యాంటీన్ కార్డు ఉంది, వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ ఉంది, పిల్లల చదువుకు కోటా ఉంది. ఇంకేం కావాలి? ఆయన రాత్రిళ్లు నిద్రపోడనీ, దీపావళి వస్తే తలుపులు బిగించుకుని కూర్చుంటాడనీ, భార్యాబిడ్డలతో వారాల తరబడి మాట ఉండదనీ ఎవరైనా అంటే దానికీ జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది మిలిటరీ కోపం లెండి, వాళ్లంతే."

చదువుకున్నవాళ్ల దగ్గర, టీవీ చర్చల్లో, అప్పుడప్పుడూ పదవీ విరమణ చేసిన అధికారుల నోట ఇదే మాట కొంచెం వేరే రూపంలో వినిపిస్తుంది. యుద్ధం వల్ల మనసుకు గాయం కావడం పాశ్చాత్య దేశాల సమస్య, అక్కడ సైనికుడు ఒంటరివాడు, మన జవానుకు పల్టన్ ఉంది, కుటుంబం ఉంది, ఊరు ఉంది, దేవుడున్నాడు అంటారు. కౌన్సెలింగ్ పేరుతో సిపాయిని మెత్తబరచొద్దని, లేని జబ్బును అంటగట్టొద్దని, అసలు సగం కేసులు పింఛను కోసం వేసే వేషాలేనని కూడా అంటారు.

ఈ వాదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం కుదరదు. ఎందుకంటే అందులో సగం నిజం. విచిత్రమేమిటంటే ఆ నిజమే మిగతా సగాన్ని పడగొడుతుంది. పల్టన్ మనసును కాపాడుతుందన్నది ఒప్పుకుంటే, పల్టన్ విడిచిన రోజున ఆ మనిషికి ఏం మిగులుతుందన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. మన దేశంలో ఆ జవాబు చెప్పే బాధ్యత ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు.

ముందు ‘పాశ్చాత్య జబ్బు’ సంగతి చూడాలి. పీటీఎస్‌డీ అని ఈ మానసిక గాయానికి పెట్టిన పేరు అమెరికన్ మనోవైద్యుల సంఘం జబ్బుల జాబితాలోకి 1980లో ఎక్కింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వారికి తోడు నిలిచిన వైద్యులు ఏళ్ల తరబడి పోట్లాడితే ఎక్కింది. పేరు అక్కడ పెట్టారు కాబట్టి బాధ కూడా అక్కడివాళ్లదే అనుకోవడం తప్పు. అంతకు 65 ఏళ్ల ముందే భారత సిపాయి ఆ బాధ పడ్డాడు. దానికి రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది.

1914 శరత్కాలంలో భారత సైన్యం ఫ్రాన్స్‌లో దిగింది. చలి, బురద, ఆగని ఫిరంగులు. ఇళ్లకు సిపాయిలు రాసిన ఉత్తరాలను సెన్సార్ చేసిన ఎవెలిన్ హోవెల్ అనే అధికారి 1915 మొదట్లో ఒక విషయం గమనించాడు. మామూలు మనుషులు ఉన్నట్టుండి ఉత్తరాల్లో కవిత్వం రాయడం మొదలుపెట్టారు. మనసు కలత చెందడానికి అది చెడ్డ సూచన అని ఆయన తన నివేదికలో రాశాడు. సెన్సార్‌కు చిక్కకుండా సిపాయిలు సంకేతాలు వాడేవారు. నల్ల మిరియాలంటే తమవాళ్లు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సైనికులు. నల్ల మిరియాలు అయిపోతున్నాయని రాస్తే ఇంటి దగ్గరివాళ్లకు అర్థమయ్యేది, తమ్ముణ్ని సైన్యంలో చేరనివ్వొద్దని. అదే 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ‘షెల్ షాక్’ అనే మాటను లాన్సెట్ పత్రికలో అచ్చుకెక్కించాడు. తెల్ల సైనికుడి వణుకుకు ఒక పేరు దొరికింది. భారత సిపాయి వంతుకు అనుమానం వచ్చింది. చేతికి గాయాలైనవారు ఎక్కువమంది కనిపించడంతో, యుద్ధం తప్పించుకోవడానికి వాళ్లే కాల్చుకుంటున్నారన్న పుకారు అధికారుల్లో వ్యాపించింది. బ్రైటన్‌లో భారతీయుల కోసం పెట్టిన కిచెనర్ ఆసుపత్రి అధిపతి కల్నల్ బ్రూస్ సీటన్ వెయ్యి గాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ ఆరోపణకు ఆధారం లేదని తేల్చాల్సి వచ్చింది.

నూట పదేళ్ల కిందటి ఈ సంగతిని ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. సిపాయి బాధ చెబితే మొదట నటనేమోనని చూడడం మన సంప్రదాయం కాదు, వలస పాలకుల దగ్గర నేర్చుకున్న అలవాటు. దాన్నే ఇవాళ మన సంస్కృతి బలం అని చెప్పుకుంటున్నాం.

పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందినీ, రెండో యుద్ధానికి 1,110 మందినీ పంపిన ఊరిగా దానికి పేరు. అక్కడ స్మారక స్తూపం ఉంది. చనిపోయినవారి జ్ఞాపకాన్ని ఆ ఊరు గౌరవంగా నిలుపుకుంది. బతికి తిరిగొచ్చినవాళ్లు ఎలాంటి నిద్రతో, ఎలాంటి మౌనంతో తిరిగొచ్చారో నమోదు చేసిన కాగితం మాత్రం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. తెలుగునాట సైన్యానికి మనుషుల్ని పంపిన ఏ ఊరికైనా ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు పల్టన్ సంగతికి వద్దాం. ఈ వాదంలో అత్యంత బలమైన భాగం ఇదే. రెజిమెంట్ అంటే కేవలం కొలువు కాదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అది రెండో ఇల్లు. ఉదయం ఎన్నింటికి లేవాలో, ఏం తినాలో, ఎవరి పక్కన పడుకోవాలో, ఎవరి కోసం ప్రాణమివ్వాలో అన్నీ అక్కడే తేలిపోతాయి. సియాచిన్‌లో రాత్రంతా పక్కన నిలబడ్డవాడికి మాటల్లో చెప్పకుండానే అన్నీ అర్థమవుతాయి. ఏదైనా తేడా వస్తే హవల్దార్ కళ్లబడుతుంది. ఇంత దగ్గరగా మనిషిని కనిపెట్టి ఉండే వ్యవస్థ బయట ఎక్కడా లేదు.

ఇది ఎంత నిజమో ఆస్ట్రేలియా లెక్కలు చూస్తే తెలుస్తుంది. అక్కడ మాజీ సైనికుల తల్లులు, కుటుంబాలు ఏళ్ల తరబడి చేసిన ఒత్తిడి వల్ల 2021లో రాయల్ కమిషన్ వేశారు. అది 2024 సెప్టెంబరులో 122 సిఫార్సులతో తుది నివేదిక ఇచ్చింది. 1997 నుంచి 2021 వరకూ సైన్యంలో పనిచేస్తున్నవారు, పనిచేసి మానినవారు కలిపి 1,677 మంది ఆత్మహత్య చేసుకున్నారని అధికారికంగా లెక్క తేలింది. అసలు సంఖ్య మూడు వేలు దాటవచ్చని కమిషన్ అంది. అన్నిటికంటే ఆలోచించాల్సిన అంకె మరొకటి ఉంది. కొలువులో ఉన్న మగ సైనికుల్లో ఆత్మహత్యల రేటు సాధారణ పౌరుల రేటులో దాదాపు సగమే. కొలువు వదిలాక అదే రేటు పౌరుల కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ. మాజీ సైనిక మహిళల్లోనైతే సాధారణ మహిళలతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అవే శరీరాలు, అవే మనసులు. మారింది ఒక్కటే, యూనిఫాం తీసేశారు.

కాబట్టి పల్టన్ కాపాడుతుందని వాదించేవారు చెప్పేది నిజమే. అంత నిజం కాబట్టే డిశ్చార్జి బుక్ చేతికిచ్చిన రోజు ప్రమాదకరమైన రోజు. మన సైన్యం నుంచి ఏటా దాదాపు 60 వేల మంది బయటికి వస్తారు. వారిలో ఎక్కువమంది సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లు. సైన్యాన్ని యవ్వనంగా ఉంచడం కోసం వారిని ముప్పై అయిదు, నలభై ఏళ్లకే ఇంటికి పంపుతారు. ఊళ్లో తోటివాళ్లు ఉద్యోగాల్లో ఎదుగుతున్న వయసులో ఇతను ‘రిటైరయిన’ మనిషి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, బ్యాంకు గుమ్మంలో, ఏటీఎం గదిలో రాత్రి డ్యూటీ చేస్తున్న సెక్యూరిటీ గార్డుల్లో ఎంతమంది ఒకప్పుడు సరిహద్దుల్లో తుపాకీ పట్టినవారో ఆ గేటులోంచి వెళ్లేవారికి తెలియదు. కార్లో వచ్చిన పిల్లవాడు హారన్ కొట్టి "ఏయ్" అని పిలిస్తే అతనిలో ఏం కదులుతుందో అడిగే హవల్దారూ అక్కడ ఉండడు.

పింఛను, రీసెటిల్‌మెంట్ శిక్షణ, ఉద్యోగాల్లో రిజర్వేషన్, ఇవన్నీ అవసరమే. ఇవేవీ పల్టన్‌లో దొరికిన దాన్ని తిరిగి ఇవ్వలేవు.

ఇక కుటుంబం. "వాళ్లకు లేదు, మనకుంది" అనే మాటలో ఎంత గర్వం ఉందో అంత నిర్లక్ష్యమూ ఉంది. కుటుంబమే మందు అనుకున్నప్పుడు ఆ మందు ఎవరి ఒంట్లోంచి తీస్తున్నామో చూడాలి కదా. సిపాయి భార్య పదిహేనేళ్లు ఇల్లు ఒంటిచేత్తో నడిపి ఉంటుంది. అత్తమామల ఆసుపత్రి, పిల్లల ఫీజులు, పొలం కౌలు, బ్యాంకు పనులు అన్నీ ఆమెవే. ఏడాదికి రెండు నెలల సెలవుకు వచ్చే భర్త ఆమెకు పండుగ. అదే భర్త ఒకరోజు శాశ్వతంగా ఇంటికి వస్తాడు. వచ్చీ రాగానే ఇంటిని బ్యారక్‌లా నడపాలని చూస్తాడు. కంచం ఎక్కడ పెట్టాలి, కొడుకు ఎన్నింటికి లేవాలి, కూతురు ఎవరితో ఫోన్ మాట్లాడుతోంది. కాదంటే గట్టిగా అరుస్తాడు, లేకపోతే నోరు మూసుకుని మేడ మీదికి పోతాడు. భార్య ఎవరికి చెప్పుకోవాలి? పుట్టింటికి చెబితే "మిలిటరీవాళ్లంతేనమ్మా, సర్దుకుపో" అంటారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే భర్తకు కోపం. నేరుగా మానసిక వైద్యుడి పేరెత్తడానికి ఆమెకే భయం. తెలుగునాట ఎర్రగడ్డ, వైజాగ్ మెంటల్ హాస్పిటల్ అనే మాటలను మనం తిట్లుగా వాడీ వాడీ, అక్కడికి వెళ్లడమంటేనే పరువు పోవడమన్నంత దూరం తెచ్చాం. అందుకే చాలా ఇళ్లలో నరాల బలహీనతకని టానిక్కులు తెచ్చుకుంటారు, తాయెత్తు కట్టించుకుంటారు.

ఇది ఊహ కాదు. ఇతర దేశాల పరిశోధకులు ఇళ్లలోకి వెళ్లి చూశారు. అమెరికా ప్రభుత్వం జరిపించిన వియత్నాం మాజీ సైనికుల జాతీయ అధ్యయనం, యుద్ధం ముగిసి దశాబ్దం దాటాక కూడా ఆ యుద్ధభూమికి వెళ్లివచ్చిన మగవారిలో దాదాపు 15 శాతం మందికి పీటీఎస్‌డీ ఉందని తేల్చింది. అలాంటివారి కుటుంబాలను విడిగా పరిశీలిస్తే దాంపత్యంలో కలతలు, ఇంట్లో హింస, పిల్లల ప్రవర్తనలో ఇబ్బందులు మిగతా సైనిక కుటుంబాల కంటే ఎక్కువగా కనిపించాయి. ఇజ్రాయెల్‌లో జహావా సాలమన్ 1982 లెబనాన్ యుద్ధం తర్వాత సైనికుల భార్యలను పరిశీలించి, భర్త మనసుకు తగిలిన దెబ్బ భార్య ఆరోగ్యంలో కూడా కనిపిస్తుందని చూపారు. ఇజ్రాయెల్ సమాజంలో కుటుంబ బంధం మనకంటే తక్కువేమీ కాదు. అయినా అక్కడా కుటుంబం మందుగా పనిచేసి ఊరుకోలేదు, తానే రోగి అయింది.

ఈ సందర్భంలో క్యాంటీన్ మందు గురించి దాచకుండా మాట్లాడుకోవాలి. మిలిటరీ మందు అంటే ఊళ్లో గిరాకీ. పెళ్లిళ్లకూ పార్టీలకూ "ఒక బాటిల్ ఇప్పించు" అని చుట్టాలు వెంటపడతారు. నిద్ర రాని మనిషికి అది దగ్గర దారి. తాగితే రెండు గంటలు నిద్రపడుతుంది, తర్వాత నిద్ర పూర్తిగా చెడుతుంది, కోపం పెరుగుతుంది, మళ్లీ తాగాలనిపిస్తుంది. ప్రతి నెలా, కార్డు మీద, కోటా ప్రకారం, దేశంలో ఏ మూలనున్న మాజీ సైనికుడికైనా సీసా చేరవేసే ఏర్పాటును ప్రభుత్వం నిర్మించగలిగింది. అదే మనిషిని ఏడాదికొక్కసారైనా "నిద్ర పడుతోందా?" అని అడిగే ఏర్పాటును నిర్మించలేకపోయింది. డబ్బు లేకనో, యంత్రాంగం లేకనో కాదు. ఆ ప్రశ్న అవసరమని ఎవరికీ తోచలేదు, అంతే.

తిరిగి రాని సైనికుల ఇళ్ల సంగతి మరీ కష్టం. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. శకలాలు సముద్రగర్భంలో 3,400 మీటర్ల లోతున దొరికాయని ప్రభుత్వం ప్రకటించింది 2024 జనవరిలో. ఏడున్నరేళ్లు. ఈ ఏడున్నరేళ్లూ ఆ ఇళ్లలో బొట్టు తీసెయ్యాలా వద్దా, కర్మ చెయ్యాలా వద్దా, తలుపు చప్పుడైతే లేవాలా వద్దా? 1965, 1971 యుద్ధాల్లో కనబడకుండా పోయి పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని భావించిన 54 మంది సైనికుల కుటుంబాలు ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ కాలం ఎదురుచూశాయి. 2007లో కొందరు బంధువులు పాకిస్తాన్ వెళ్లి జైళ్లు తిరిగి వట్టి చేతులతో వచ్చారు. ఇలాంటి శోకం మామూలు శోకం కాదని, దానికి ముగింపు ఉండదు కాబట్టి వేరే రకమైన సాయం కావాలని పౌలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970లలోనే గుర్తించారు. వియత్నాంలో ఆచూకీ లేకుండా పోయిన అమెరికన్ పైలట్ల భార్యలతో మాట్లాడి ఆమె ఆ నిర్ధారణకు వచ్చారు. మన దగ్గర పరిహారం చెక్కు ఇస్తారు, ఉద్యోగం ఇస్తారు, వీధికి పేరు పెడతారు. గల్వాన్‌లో 2020 జూన్ 15న అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం అయిదు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అది మెచ్చుకోదగ్గ పని. అయితే ఏ అమరుడి ఇంట్లోనైనా మొదటి సంవత్సరీకం అయిపోయి, నాయకుల రాక ఆగిపోయాక, తల్లి అన్నం మానేస్తే ఎవరు వస్తారన్నదానికి ఏ జీవోలోనూ జవాబు లేదు.

ఊరు, సమాజం ఆదుకుంటాయన్న భరోసా కూడా ఎంతవరకో చరిత్రే చెప్పింది. శ్రీలంకలో 1987 నుంచి 1990 వరకూ పోరాడిన భారత శాంతి సేన దాదాపు 1,200 మందిని పోగొట్టుకుంది. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవులో దిగితే, స్వాగతానికి రానని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించారు. రాజకీయ కారణాలు ఏవైనా కావచ్చు. తాము ఎందుకు పోరాడామో చెప్పేవాళ్లు లేని యుద్ధం నుంచి వచ్చిన ఆ సిపాయిలకు సమాజం ఇచ్చిన ఓదార్పు ఇది.

నటన అనే ఆరోపణ అన్నిటికంటే బాధాకరమైనది, ఎందుకంటే అది ఫైళ్లలోకి ఎక్కింది. సైన్యంలో చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని వైద్యులే ధ్రువీకరించిన మనిషి, కొలువులో జబ్బుపడితే ఆ జబ్బు కొలువు వల్ల వచ్చిందా లేదా అన్నది మెడికల్ బోర్డు తేలుస్తుంది. కొలువుకు సంబంధం లేదు అని ఒక్క వాక్యం రాస్తే వైకల్య పింఛను పోతుంది. 2013 జులైలో సుప్రీంకోర్టు మూర్ఛ జబ్బుతో ఇంటికి పంపిన ఒక సిపాయి కేసులో స్పష్టంగా చెప్పింది: చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే అది కొలువు వల్లే వచ్చిందని భావించాలి, కాదని రుజువు చేసే భారం సైన్యానిది, సిపాయిది కాదు. మనసు జబ్బుల దగ్గరికి వచ్చేసరికి ఆ రక్షణ కుంచించుకుపోయింది. 2019లో స్కిజోఫ్రేనియా వచ్చిన ఒక సైనికుడి కేసులో అదే కోర్టు, ఇలాంటి జబ్బులు చేరేటప్పటి పరీక్షల్లో బయటపడవు కాబట్టి ఆ సూత్రం యథాతథంగా వర్తించదని పింఛను నిరాకరించింది. 2025 మేలో మరో సైనికుడి కేసు వచ్చింది. ఆయన్ను స్కిజోఫ్రేనియా ఉందని 1998లో పంపించేశారు. బోర్డు కారణాలు రాయకుండా తీర్మానం మాత్రమే రాసిందని, అది చెల్లదని, పింఛను ఇవ్వాల్సిందేనని కోర్టు తీర్పు చెప్పింది. 1998 నుంచి 2025 వరకూ ఆ జబ్బుతో ఒక మనిషి, ఆయన్ను చూసుకుంటూ ఒక ఇల్లు. ఎవరైనా పింఛను కోసం ఇరవై ఏడేళ్లు స్కిజోఫ్రేనియా నటిస్తారా?

మోసగాళ్లు అసలు లేరని ఎవరూ అనడం లేదు. ఏ పథకంలోనైనా కొందరు ఉంటారు. వాళ్లను పట్టుకోవడానికి కావలసింది కారణాలు వివరంగా రాసే మెడికల్ బోర్డు, శిక్షణ ఉన్న మనోవైద్యుడు. అందరినీ అనుమానించే నిబంధన మోసగాడికి అడ్డు కాదు, వాడు లాయరును పెట్టుకుంటాడు. మాట పెగలని నిజమైన రోగే ఆగిపోతాడు. 2016 నవంబరులో ఢిల్లీలో ఒక మాజీ సుబేదార్ పింఛను అన్యాయం మీద నిరసనకు వచ్చి ఆత్మహత్య చేసుకుంటే, ఒక కేంద్రమంత్రి ఆయన మానసిక స్థితి ఎలా ఉండేదో విచారించాలన్నారు. బతికున్నప్పుడు ఎవరూ పట్టించుకోని మానసిక స్థితి, చనిపోయాక ఆయన మాటను తక్కువ చేయడానికి పనికొచ్చింది.

సమస్యే లేదనేవారికి ఒక వెసులుబాటు ఉంది: లెక్కలు లేవు. కొలువులో ఉన్నవారి సంగతి కొంత తెలుసు. 2022 జులైలో రక్షణశాఖ రాజ్యసభకు ఇచ్చిన జవాబు ప్రకారం అంతకు ముందు అయిదేళ్లలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆర్మీలో 642, వాయుసేనలో 148, నౌకాదళంలో 29. ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక కల్నల్ చేసిన అధ్యయనం, సగానికి పైగా సైనికులు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు కనిపిస్తోందని 2021 జనవరిలో వార్తల్లోకి వచ్చింది. పరిశీలించిన వారి సంఖ్య సుమారు 400 మాత్రమేనని, దాన్ని బట్టి తీర్మానించడం సరికాదని సైన్యం తోసిపుచ్చింది. ఆ పత్రం వెబ్‌సైట్ నుంచి మాయమైంది. సంఖ్య చిన్నదన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే దానికి సరైన జవాబు పెద్ద అధ్యయనం, బహిరంగంగా అచ్చువేసిన ఫలితాలు. పత్రాన్ని తీసేయడం కాదు.

మాజీ సైనికుల విషయంలో ఆ చిన్న సంఖ్య కూడా లేదు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఆత్మహత్యల నివేదికలో రైతులు, రోజు కూలీలు, గృహిణులు, విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగులు అంటూ వృత్తుల వారీగా లెక్కిస్తుంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాలకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. మాజీ సైనికుడికి గడి లేదు. రైతు ఆత్మహత్యల లెక్క ఉండబట్టే తెలుగు నేల మీద రైతు గురించి మాట్లాడగలిగాం, పరిహారం అడగగలిగాం, ప్రభుత్వాలను నిలదీయగలిగాం. లెక్కించని చావు గురించి ఎవరిని నిలదీయాలి?

"అమెరికా అన్ని కోట్లు ఖర్చుపెట్టినా అక్కడ రోజుకు పదిహేడు మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారు, మరి కౌన్సెలింగ్ వల్ల ఏం ఒరిగింది?" అన్నది ఈ వర్గం చివరి అస్త్రం. ఆ పదిహేడు అన్న అంకె వారికి ఎక్కడిది? అమెరికా మాజీ సైనిక శాఖ ఏటా లెక్కించి, దాచకుండా అచ్చువేస్తుంది కాబట్టి తెలిసింది. అక్కడ తుపాకీ సులభంగా దొరకడం లాంటి కారణాలు వేరే ఉన్నాయి. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఖర్చుపెట్టే తీరు కాదు. 1979లో వాళ్లు మొదలుపెట్టిన ‘వెట్ సెంటర్లు’ చూడాలి. పెద్దాసుపత్రికి వెళ్లడానికి సిగ్గుపడే సైనికుడి కోసం బజారులో మామూలు దుకాణం గదుల్లో వాటిని తెరిచారు. లోపల కూర్చున్నవారిలో చాలామంది స్వయంగా యుద్ధం చూసి వచ్చినవారే. భార్య రావచ్చు, బిడ్డ రావచ్చు, సైనికుడు చనిపోతే ఆ కుటుంబం రావచ్చు. అలాంటి కేంద్రాలు ఇప్పుడు దాదాపు 300 ఉన్నాయి. పల్టన్ బలం మీద అంత నమ్మకం ఉన్న మనకు, ఊళ్లోకి పల్టన్‌ను తెచ్చే ఆ పద్ధతి సహజంగా తోచాల్సింది.

చికిత్స సైనికుణ్ని మెత్తబరుస్తుందన్న భయానికి మొదటి ప్రపంచ యుద్ధంలోనే జవాబు దొరికింది. మనసు చెదిరినవారిని దూరపు ఆసుపత్రులకు తరలించకుండా యుద్ధరేఖకు దగ్గర్లోనే, వెంటనే, మళ్లీ నీ బృందంలోకి వెళ్తావన్న నమ్మకంతో చూస్తే ఎక్కువమంది తిరిగి నిలబడ్డారు. నిర్లక్ష్యానికి గురైనవారే చేజారిపోయారు. మన సినిమాలు మాత్రం ఇంకా అక్కడికి రాలేదు. 2018లో వచ్చిన ‘నా పేరు సూర్య’లో కోపాన్ని అదుపు చేసుకోలేని సైనికుడు సరిహద్దుకు వెళ్లడానికి మానసిక నిపుణుడి సంతకం సంపాదించాలి. అంత పెద్ద సినిమా ఆ విషయాన్ని ఎత్తుకోవడం మంచిదే. కానీ డాక్టరంటే దాటాల్సిన గేటు అన్న భావమే ప్రేక్షకుడికి మిగులుతుంది. సైన్యంలోనూ చాలామందికి అదే భయం. డాక్టరుకు చెబితే మెడికల్ కేటగిరీ పడిపోతుంది, ప్రమోషన్ ఆగుతుంది. అందుకని పదిహేనేళ్లు నోరు విప్పనివాడు, బయటికి వచ్చాక ఒక్కసారిగా నోరు విప్పుతాడా?

ఏమీ జరగడం లేదనడం కూడా అన్యాయమే. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటోంది, శిక్షించొద్దంటోంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద తెలుగులో మాట్లాడవచ్చు. 2023 డిసెంబరులో పుణె సైనిక వైద్య కళాశాలలో సైనిక బలగాల కోసం దీని ప్రత్యేక విభాగం తెరిచారు. ఇది నిజమైన ముందడుగు. కానీ ఫోను ఎత్తాలంటే ముందు తనకు సాయం కావాలని ఒప్పుకోవాలి. అన్నేళ్లూ ఒప్పుకోవద్దనే నేర్పిన మనిషి దగ్గరికి మనమే వెళ్లాలి. వెళ్లడానికి దారులు ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్ ఉంది, ఏటా పింఛనుదారు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఉంది. ఇంకా బతికే ఉన్నాడని ఏటా రూఢి చేసుకునే ప్రభుత్వం, ఎలా బతుకుతున్నాడని అదే రోజున అడగొచ్చు.

వీటన్నిటికీ తొందర ఎందుకంటే, ఇప్పుడు కొత్తగా బయటికి వచ్చేవారికి ఆ దారులు కూడా లేవు. 2022 జూన్ 14న సైనిక నియామకాల కొత్త పథకం అగ్నిపథ్ ప్రకటించారు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక తెలుగు యువకుడు చనిపోయాడు. ఆనాటి చర్చ అంతా ఉద్యోగం, పింఛను చుట్టూ తిరిగింది. ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు. పథకం ప్రకటించినప్పటి నిబంధనల ప్రకారం అగ్నివీరుడు పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ల మధ్య చేరతాడు. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ముగ్గురు ఇంటికి వస్తారు. చేతికి సుమారు 11.71 లక్షల సేవానిధి వస్తుంది. పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. కొలువులో ఉండగా కొలువు వల్ల వైకల్యం వస్తే, దాని శాతాన్ని బట్టి ఒకేసారి ఇచ్చే 44, 25, 15 లక్షల పరిహారం ఉంది. మనసుకు తగిలిన గాయం చాలాసార్లు నెలలు, ఏళ్లు గడిచాక బయటపడుతుంది. బయటికి వచ్చిన ఏడాదికి ఒక కుర్రాడికి అర్ధరాత్రి చెమటలు పట్టి కాల్పులు వినిపిస్తే అది ఏ శాతం కిందికి వస్తుంది?

వీళ్లు నిజమైన యుద్ధం చూడరని అనుకునే వీలు కూడా లేదు. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో ప్రాణమిచ్చిన శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ మురళీ నాయక్ అగ్నివీరుడే. ఆ రాత్రి ఆయన పక్కన ఉండి బతికినవాళ్లలోనూ ఆ వయసు పిల్లలు ఉండి ఉంటారు.

ఏ వయసువారికి ఎక్కువ ప్రమాదమో మనం కొత్తగా పరిశోధించి తెలుసుకోనక్కర్లేదు. 1996 నుంచి 2005 వరకూ బ్రిటిష్ సైన్యం వదిలిన 2,33,803 మంది వివరాలను మాంచెస్టర్ పరిశోధకులు పరిశీలించి 2009లో ప్రచురించారు. మొత్తం మీద మాజీ సైనికుల ఆత్మహత్యల రేటు సాధారణ జనాభాతో సమానంగానే ఉంది. కానీ 24 ఏళ్లలోపు బయటికి వచ్చిన మగవారిలో అది అదే వయసు పౌరుల కంటే రెండు నుంచి మూడు రెట్లు. దాదాపు ఆ వయసులోనే, మొదటి విడత అగ్నివీరులు 2026 చివరి నుంచి ఇళ్లకు రావడం మొదలవుతుంది. 2022లో ప్రకటించిన 46 వేల పోస్టుల్లో తెలుగు జిల్లాల పిల్లలూ ఉన్నారు. శ్రీకాకుళంలో, ప్రకాశంలో, నల్లగొండలో, పాలమూరులో ఆ కుర్రాళ్లు దిగే నాటికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో వారి పేర్ల జాబితా ఉండాలి. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్, పక్కనే యుద్ధం చూసిన ఒక మాజీ హవల్దార్ ఉండాలి. మొదటి నెలలో, ఆరో నెలలో, ఏడాది నిండాక వాళ్లే ఆ ఇంటికి ఫోన్ చేసి, తల్లితోనూ మాట్లాడాలి. అగ్నివీరులకు మానసిక చికిత్స వరకైనా ఈసీహెచ్‌ఎస్ తలుపు తెరవాలి. కేంద్రం ఆలస్యం చేస్తే రెండు తెలుగు రాష్ట్రాలు తమ జిల్లా ఆసుపత్రుల మనోవైద్య విభాగాల్లో ఈ పని సొంతంగా మొదలుపెట్టొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరేట్ నుంచి ఒక ఉత్తర్వు చాలు.